గీతలు లేని అక్షరాలు

“మొదటి పేజీలోనే ముప్పై ఏడు తేడాలు! మీరు టైపు చేశారా, కీబోర్డు మీద పిల్లిని నడిపించారా?”

హోగ్నితో రన్వా మాట్లాడిన మొదటి మాట అదే. అతను ఉద్యోగంలో చేరి రెండు రోజులైంది.

“ఇరవై రెండు పిల్లివి. మిగతా పదిహేను మీవి,” అన్నాడతను, అసలు కాగితం ఆమె వైపు జరుపుతూ.

నిజమే. రన్వా చెవులు ఎర్రబడ్డాయి.

ఉత్తరాన సముద్రం మధ్య దీవిలో ఉన్న టోర్స్‌హావ్న్ రేవు పక్కన పాత పత్రాలు భద్రపరిచే కార్యాలయం అది. చేపల వేటకు వెళ్ళి తిరిగిరాని వాళ్ళు ఇళ్ళకు రాసిన ఉత్తరాలను ఇద్దరూ విడివిడిగా టైపు చేయాలి. రన్వా రాసిన చిన్న కంప్యూటర్ స్క్రిప్టు ఆ రెండు ఫైళ్ళనూ అక్షరం అక్షరం పోల్చి, తేడా ఉన్నచోట ఎర్రరంగు వేస్తుంది. మధ్యాహ్నం రెండింటికి పక్కపక్కన కూర్చుని, ఎవరిది సరైనదో తేల్చుకోవాలి.

‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయ్యేసరికి అక్టోబరు వచ్చింది. తేడాలు అయిదారుకు దిగాయి.

“ఇవాళ నాలుగే. పది నిమిషాల్లో అయిపోతుంది,” అంది రన్వా ఒకరోజు. ఆ మాటలో సంతోషం లేదు.

“అయితే నెమ్మదిగా చూద్దాం,” అన్నాడు హోగ్ని. కిటికీ మీద వాన జారుతోంది. ఆ నాలుగూ తేల్చడానికి గంట పట్టింది.

నవంబరులో తేడాలు మళ్ళీ పెరిగాయి. ఇరవై. నలభై. అన్నీ హోగ్నివే.

“కావాలనే చేస్తున్నావు కదూ?” అని నవ్వింది రన్వా.

“ఏం, నా పక్కన కూర్చోవడం అంత కష్టంగా ఉందా?”

ఆ జవాబుతో ఆమెకు రెండు వారాలు హాయిగా గడిచిపోయాయి.

తరువాత పై అధికారి మరీటా పిలిచింది. “ఆ అబ్బాయి వరస ఇలాగే ఉంటే నెలాఖరుకు పంపించేస్తాను. నీ మాట వింటాడేమో, చెప్పి చూడు.”

చెప్పే ముందు లెక్క చూపించి సిగ్గుపడేలా చేద్దామనుకుంది రన్వా. ఏ అక్షరం ఎన్నిసార్లు తప్పిందో విడదీసేలా స్క్రిప్టు మార్చింది. కావాలని తప్పులు చేసేవాడు తోచినట్టు చేస్తాడు. కానీ ఇక్కడ ఒక్క పెద్ద తప్పూ లేదు. పోయినవన్నీ వాళ్ళ భాషలో అక్షరాల మీద ఉండే సన్నటి గీతలు, చుక్కలు, కామాలు. నాలుగు వందల పైచిలుకు.

కళ్ళకు సరిగా ఆనకపోతేనే అవి పోతాయి.

రెండు గంటలకు హోగ్ని వచ్చి కూర్చున్నాడు.

“ఎప్పటి నుంచి?” అంది, తెర అతని వైపు తిప్పి.

అతను తెర మీదికి ఒరిగి చూశాడు. “వేసవి నుంచి కొంచెం కొంచెం. ఈ నెలలో ముదిరింది. చూపు మధ్యలో మసక. మా అమ్మకూ ఇలాగే మొదలైంది. మందు లేదన్నారు.”

“నేను... నువ్వు నా కోసం చేస్తున్నావనుకున్నాను.”

“తెలుసు. అందుకే నోరు విప్పలేదు. నిజం కన్నా నువ్వనుకున్నదే బాగుంది.”

రేవులో వానకు తోడు పొగమంచు దిగి పడవలు కనిపించడం మానేశాయి. రన్వా కిటికీ నుంచి అతని వైపు తిరిగింది.

“నేనెంత కనిపిస్తున్నాను?”

“దూరంగా ఉంటే జుట్టు, భుజాలు.”

ఆమె కుర్చీ లాక్కుంది. మోకాళ్ళు తగిలాయి.

“ఇప్పుడు?”

“ముఖం తెలుస్తోంది. ఏడుస్తున్నావా?”

“లేదు.”

“అబద్ధం. కళ్ళకు దొరకకపోయినా గొంతులో దొరికిపోతావు.” నవ్వబోయి ఆగిపోయాడు. “జాలిపడకు రన్వా. అదొక్కటీ నేను భరించలేను.”

“జాలా! రెండు వారాలు నన్ను వెర్రిదాన్ని చేశావని ఒళ్ళు మండిపోతోంది.” కళ్ళు తుడుచుకుంది. “మళ్ళీ డాక్టరు దగ్గరికి ఎప్పుడు?”

“బుధవారం.”

“నేనూ వస్తాను.”

“లోపలికి సొంతవాళ్ళనే రానిస్తారు. ఎవరని చెబుతావు?”

“నీ మనిషినని.”

హోగ్ని తల వంచుకున్నాడు. అతని చెయ్యి బల్ల మీద తడుముతూ వచ్చి, ఆమె వేళ్ళ దగ్గర ఆగింది.

“వానగోలలో సరిగ్గా వినపడలేదు,” అన్నాడు. “ఇంకోసారి చెప్పు.”