పార్సిలమ్మ బదిలీ

ఆ రోజు పొద్దున్న కూడా పార్సిలమ్మ ఒక చేత్తో టీ గ్లాసు, మరో చేత్తో ఫోను పట్టుకుని, వంతెన దగ్గర లారీ ఆగిపోయిన డ్రైవరుతో మాట్లాడుతోంది.

"ముందు టీ తాగు నాయనా. రేడియేటరూ చల్లారాలి, నువ్వూ చల్లారాలి. ఈలోగా మెకానిక్కుని పంపిస్తాను."

స్టౌ దగ్గర రొట్టె కాలుస్తున్న ఆమె భర్త, రిటైరైన లెక్కల మాస్టారు, వెనక్కి తిరిగి నవ్వాడు. "ఇన్నేళ్ళ కాపురంలో నాతో ఒక్కసారైనా అంత ముద్దుగా మాట్లాడావా?"

"మీరెప్పుడైనా నడిరోడ్డు మీద ఆగిపోయారా, ముద్దు చెయ్యడానికి?"

ఇరవై రెండేళ్ళ కిందట ఆమె ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో పార్సిళ్ళకు చీటీలు అంటించే పనిలో చేరింది. అప్పుడు హమాలీలు పెట్టిన పేరే పార్సిలమ్మ. ఇప్పుడు ఆ కంపెనీ వ్యాపారాన్ని కొత్త ఊళ్ళకు విస్తరించే బాధ్యత ఆమెది. ఎక్కడ సరుకు ఉండి లారీ లేదో వెతుక్కుంటూ వెళ్ళి, ఇప్పటికి పద్నాలుగు బ్రాంచీలు తెరిచింది. హోదా మారింది కానీ పేరు మారలేదు.

కూతురు బుజ్జి ఉండేది రెండు వీధుల అవతలే. బ్యాంకులో ఉద్యోగం. ఎనిమిదో నెల రావడంతో సెలవు పెట్టి, రోజూ పొద్దున్నే పుట్టింటికొచ్చి కూర్చుంటోంది. అల్లుడిది వారానికి నాలుగు రోజులు ఊళ్ళు తిరిగే ఉద్యోగం.

"అమ్మా, సెలవయ్యాక పిల్లని నీ దగ్గరే వదిలి బ్యాంకుకెళ్తాను. సగం పూట పనికి మారతానన్నావు, గుర్తుందిగా?"

"ఎందుకు లేదే? నేనెక్కడికి పోతాను?" అంది పార్సిలమ్మ, గ్లాసులోకి చూస్తూ.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి హమాలీల మేస్త్రీ వచ్చాడు. ముసలాయన చేతిలో మిఠాయి పొట్లం, మొహంలో వెయ్యి దీపాల వెలుగు.

"అమ్మా! కొండప్రాంతం మొత్తానికీ నిన్నే పెద్దని చేశారంటగా! ముందు నాతో చెప్పకుండా దాచావేం తల్లీ? ఏ లారీ వెళ్ళని చోటికి మన లారీ వెళ్తుందంటే మాకు గర్వం కాదూ?"

బుజ్జి చటుక్కున తల్లి వైపు తిరిగింది. ఏదో తేడాగా ఉందని గ్రహించి మేస్త్రీ పొట్లం బల్ల మీద పెట్టి, వచ్చిన దారినే జారుకున్నాడు.

"ఎన్ని రోజులైంది?" బుజ్జి గొంతు చల్లగా ఉంది.

"పది రోజులు."

"ఎంత దూరం?"

"ఎనిమిది గంటల ప్రయాణం. రెండేళ్ళు ఉండాలి. కానీ నేను..."

"నాకు తెలుసమ్మా! నా చిన్నప్పుడు జ్వరమొస్తే మందు పట్టింది పక్కింటి అత్తయ్య. స్కూల్లో బహుమతి తీసుకుంటే చప్పట్లు కొట్టింది నాన్న. నువ్వెక్కడున్నావంటే ఏదో ఒక ఊళ్ళో షెడ్డు తెరుస్తున్నావు. ఈసారైనా నా దగ్గరుంటావని పిచ్చిదానిలా నమ్మాను."

"బుజ్జీ, కాస్త నెమ్మదిగా..." అన్నాడు మాస్టారు.

"మీరాగండి, ఆ మాటలన్నీ నిజమే," అంది పార్సిలమ్మ. బీరువాలోంచి మడత పెట్టిన కాగితం తెచ్చి కూతురి ముందు పెట్టింది. "ఆ పదవి నాకు వద్దని రాసేశాను. రేపు సాయంత్రం ఇచ్చేస్తాను. చాలా?"

బుజ్జి కాగితం చదివింది. ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి, ఎందుకో మొహం ఇంకా చిన్నబోయింది. లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు గోడౌనుకి కొండప్రాంతం నుంచి గాజు దీపాలు చేసేవాళ్ళ సంఘం పెద్ద వచ్చాడు. తెల్ల మీసాలు, అనుమానపు చూపు. లారీలో పంపితే గాజంతా పిండి అవుతుందని ఆయన గట్టి నమ్మకం. అంతకుముందు వేరే కంపెనీలవాళ్ళు ముగ్గురు ఆయన దగ్గరికి వచ్చి, రంగు బొమ్మల కాగితాలు చూపించి, ఖాళీ చేతులతో వెళ్ళారు.

పార్సిలమ్మ కాగితాలేం తియ్యలేదు. కొంగు బిగించి, పెట్టెలో రంపపు పొట్టు పోసి, ఆయన తెచ్చిన ఇరవై నాలుగు దీపాలు తన చేత్తోనే సర్దింది. పెట్టెను వ్యాన్‌లోకి ఎక్కించి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది.

"బండి మీరే తోలండి బాబాయ్. ఈ ఆవరణలో ఉన్న గుంతలన్నీ మీవే. మొహమాటపడకండి."

ఆయన మొహమాటపడలేదు. మూడు చుట్లు తిప్పేసరికి హమాలీలంతా పని మానేసి నవ్వడం మొదలుపెట్టారు. దిగి పెట్టె విప్పితే ఒక్క దీపం పగిలి ఉంది.

"ఒకటి పోయింది," అన్నాడాయన.

"పోయింది. ఒక్కటీ పగలదని అబద్ధం చెప్పను. మరి ఇప్పుడు మీరు పంపే ఒక్కో పెట్టెలో ఎన్ని పోతున్నాయి?"

ఆయన మీసం దువ్వుకుని, "ఆరేడు," అని ఒప్పుకున్నాడు. తర్వాత నవ్వేశాడు. "సరే తల్లీ. మా కొండకి వచ్చేది నువ్వేగా? నువ్వొస్తే సరుకెక్కిస్తాం. ఊళ్ళో మిగతా పనివాళ్ళకీ నేనే చెబుతాను."

పార్సిలమ్మకు నాలుక తడబడింది. "నేను కాదు బాబాయ్... వేరే ఆయన వస్తారు. మంచివారే..."

తల తిప్పిందో లేదో, గోడౌను తలుపు దగ్గర క్యారియర్ పట్టుకుని బుజ్జి కనిపించింది. ఎంతసేపయిందో వచ్చి.

తూకం బల్ల పక్కన బస్తాల మీద తల్లీకూతుళ్ళు కూర్చున్నారు. క్యారియర్ ఎవరూ విప్పలేదు.

"ఆ ఉత్తరం ఇచ్చేశావా?"

"సాయంత్రం ఇస్తానన్నానుగా."

"నిన్న నేనన్న మాటలు వెనక్కి తీసుకోనమ్మా. ఆ కోపం ఇప్పటిది కాదు, ఒక్క పూటలో పోదు. కానీ ఆ పెద్దాయనకి రానని చెప్పేటప్పుడు నీ మొహం చూశాను. అలాంటి మొహం పెట్టుకుని నా బిడ్డనెత్తుకుంటే, ఆ బరువు అది మొయ్యాలి."

"నీకోసమేగా మానుకుంటున్నది..."

"నాకోసమేనా? నా మీద ఒట్టేసి చెప్పు."

పార్సిలమ్మ చూపు పక్కకి తిప్పుకుంది. ఎదురుగా హమాలీలు ఒకరి భుజానికొకరు బస్తాలు అందిస్తున్నారు. వాళ్ళందరి పిల్లల పేర్లూ ఆమెకు తెలుసు.

"భయమే," అంది చివరికి, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "ఇక్కడ నేను తప్పటడుగు వేస్తే పట్టుకోవడానికి ఇంతమందున్నారు. అక్కడ రోడ్లు తెలియవు, మనుషులు తెలియరు. యాభై ఒకటో ఏట చతికిలపడితే ఎవరికి మొహం చూపించను? నీ కాన్పు నాకు వంకలా దొరికిందే బుజ్జీ. మంచి తల్లిననిపించుకుంటూ తప్పించుకోవచ్చనుకున్నాను."

చెప్పేసరికి కళ్ళు నిండిపోయాయి. ఇరవై రెండేళ్ళలో ఆ గోడౌనులో ఆమె కంటతడి పెట్టడం ఎవరూ చూడలేదు.

"అమ్మ దొంగా!" అంది బుజ్జి. నవ్వూ ఏడుపూ కలిసిపోయి వచ్చాయి. "ఇంకా పుట్టనేలేదు, అప్పుడే దాని మీద నింద వేశావా?" అని తల్లి తలను తన భుజానికి ఆనించుకుంది. "కాన్పప్పుడు మాత్రం నువ్వుండాలి. నలభై రోజులు నా దగ్గరే ఉండాలి. ఆ తర్వాత వెళ్ళు. మధ్యలో ఫోన్ మోగితే మాత్రం ఊరుకోను."

"ఒక్కసారి కూడానా?"

"అమ్మా!"

పార్సిలమ్మ కళ్ళు తుడుచుకుని అక్కడినుంచే కంపెనీ డైరెక్టరుకి ఫోన్ చేసింది. ఆయన వానలకు ముందే మొదలుపెట్టాలన్నాడు.

"వానలు తగ్గితేగానీ ఆ కొండల్లో ఏ దారి నిలుస్తుందో తెలియదు సార్. ముందే వెళ్తే బురదకి బ్రాంచి తెరవాలి. మూడు నెలలు ఆగండి. గాజు దీపాలవాళ్ళని ఇప్పటికే ఒప్పించేశాను."

అవతల ఆయన నవ్వడం బుజ్జికి కూడా వినిపించింది.

సాయంత్రం సంగతంతా విని మాస్టారు చొక్కా చేతులు పైకి మడిచాడు. "పగలు పిల్లని నేను చూసుకుంటాను. ముప్పై ఏళ్ళు అరవైమందిని చూశాను, ఒక్కదాన్ని చూడలేనా?"

"ఆ అరవైమందికీ మీరు గుడ్డలు మార్చలేదు నాన్నా."

"లెక్కలే నేర్చుకున్నవాణ్ణి, గుడ్డలు నేర్చుకోలేనా?"

ఆడపిల్ల పుట్టింది. నలభై రోజులు పార్సిలమ్మ మనవరాలిని చేతుల్లోంచి దించలేదు. ఫోను మోగినప్పుడల్లా మాస్టారే ఎత్తి, "మేడమ్‌గారు మీటింగులో ఉన్నారు," అని చెప్పాడు.

వానలు వెలిశాక, ఒక తెల్లవారుజామున ఆమె బ్యాగు పట్టుకుని గుమ్మం దాటబోయింది. ఇంకా పుట్టింట్లోనే ఉన్న కూతురు నిద్రపోతోందనుకుని చెప్పులు చేత్తో పట్టుకుని అడుగులో అడుగు వేస్తోంది. బుజ్జి చిన్నప్పుడు లేచి ఏడుస్తుందేమోనని ఆమె అలాగే వెళ్ళేది.

"చెప్పకుండా వెళ్ళిపోతావా?"

వెనక బుజ్జి బిడ్డనెత్తుకుని నిలబడి ఉంది. కోపంగా లేదు.

"లేపడం ఎందుకని..."

"లేపమ్మా. వెళ్ళేది చూస్తేగా, వచ్చేదాకా ఎదురుచూసేది." బిడ్డ బుల్లి చెయ్యి పట్టుకుని ఊపింది. "అమ్మమ్మకి టాటా చెప్పవే. కొండలెక్కడానికి వెళ్తోంది."

పార్సిలమ్మ చెప్పులు కింద పెట్టి, తొడుక్కుని, ఇద్దరినీ కలిపి ఒక్కసారి గట్టిగా కావలించుకుంది. తర్వాత చప్పుడు చేసుకుంటూ, నిండుగా అడుగులు వేస్తూ మెట్లు దిగింది.