కుప్ప అడుగున సీలు

పరుగు!

ఆఫీసరమ్మ పరుగెడుతోంది. నలభై ఎనిమిదేళ్ల మోకాళ్లు వద్దు మొర్రో అంటున్నా పరుగెడుతోంది.

మండే మధ్యాహ్నం. ఇత్తడి కుళాయిల ఫ్యాక్టరీ వెనక సందు. తరుముతున్నది ఇద్దరు. ఒకడి చేతిలో ఇనప రాడ్!

"మేడమ్! ఆగండి! ఊరికే మాట్లాడదాం!"

రాడ్ పట్టుకుని మాట్లాడతాడట...

ఆమె ఎడమ పిడికిట్లో చిన్న సీసం బిళ్ల. అది జారిందా, అంతే సంగతులు!

సందు చివర వేబ్రిడ్జి. తూకానికి వరస కట్టిన లారీలు. రెండింటి మధ్య దూరి చక్రం వెనక కూలబడుతుంది.

బూట్ల చప్పుడు దగ్గరవుతోంది... ఆగింది... దూరమవుతోంది.

అమ్మయ్య!

పావుగంట కిందటి వరకు అంతా సవ్యంగానే ఉంది.

కస్టమ్స్ ఆఫీసరుగా ఆమె తేల్చాల్సింది ఒక్కటే. ఈ కుళాయిలు ఇక్కడే తయారయ్యాయా? లేక పరాయి దేశంలో తయారై, ఇక్కడ అట్టపెట్టె మాత్రం మార్చుకున్నాయా? ఇక్కడివే అయితే కొనే దేశంలో సుంకం ఉండదు. నాలుగు కంటైనర్లు పోర్టులో ఉన్నాయి. ఆమె వద్దనకపోతే సాయంత్రం ఐదింటికి ఓడెక్కుతాయి.

మిషన్లు అద్దెకు దొరుకుతాయి. వాటి ముందు నిలబడే మనుషులూ దొరుకుతారు. ఇక కాగితాల సంగతి సరేసరి! అందుకే ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా "బాత్‌రూమ్ ఎక్కడండీ?" అని అడిగి పెరట్లోకి నడుస్తుంది. తుక్కు కోసం. ఇత్తడిని చెక్కిన చోట రజను రాలి తీరాలి. రోజూ రాలితే కుప్ప అడుగున నల్లబడి, పైన మెరుస్తూ ఉండాలి.

పాపం, షుగరేమో అని ఆఫీసంతా జాలిపడుతుంది. అసలు సంగతి తెలిసింది ఇద్దరికే. ఆమెకు, ఆ కిటుకు నేర్పిన పై అధికారి పెద్దసారుకు.

ఇవాళ కుప్ప ఉంది. అడుగున నలుపు, పైన మెరుపు. ఇంకేం, సంతకం పెట్టి ఇంటికెళ్లి కాళ్లు చాపుకోవచ్చు. నిజంగానే ప్రాణం లేచొచ్చింది. అలవాటు కొద్దీ అడుగుదాకా చెయ్యి పెట్టింది.

సీసం సీలు తగిలింది!

పట్టుకున్న సరుకు బస్తాలకు ఆమె ఆఫీసు బిగించే సీలు. నంబర్ 318. ఆరేళ్ల కిందట ఇంకో ఫ్యాక్టరీ తుక్కును బస్తాకెత్తి, తన చేత్తోనే బిగించింది. ఆ బస్తా ఉండాల్సింది ఆఫీసు గోడౌన్‌లో!

అప్పుడే వెనక రాడ్ చప్పుడైంది...

చక్రం వెనక కూర్చుని ఫోన్ తీస్తుంది. ముందు ఒక నంబర్. తర్వాత పెద్దసారు నంబర్.

"సార్... మన సీలు దొరికింది. అడుగున నల్లబడ్డ తుక్కు ఈ ఫ్యాక్టరీది కాదు. వేబ్రిడ్జి దగ్గర దాక్కున్నాను."

"కదలకమ్మా. వస్తున్నా."

పది నిమిషాల్లో కారు.

"ఎక్కు, చెత్తమ్మా!"

ఇరవై ఏళ్లుగా ఆయనొక్కరే అలా పిలుస్తారు. ఆమె కారెక్కుతుంది.

పోర్టు ఎడమకు. కారు కుడికి తిరుగుతోంది.

ఫ్యాక్టరీ వైపు!

డోర్ లాక్ టక్కున పడింది.

"సీలు ఇలా ఇవ్వమ్మా."

ఆమె ఆయన బెల్టుకు వేలాడే తాళం చెవి వైపు చూస్తుంది. "గోడౌన్ తాళం చెవి ఒక్కటే కదా సార్."

"రెండు నెలల్లో దిగిపోతున్నా," అంటారు. "ముప్పయ్యేళ్లు ఊరందరి చెత్తా కెలికాను. ఏం మిగిలింది చెప్పు? నువ్వూ అలిసిపోయావ్. సంతకం పెట్టెయ్. నీ మీద ఈగ వాలనివ్వను."

అలిసిపోయిన మాట నిజమే. అదే ఆమెకు ఎక్కువ బాధగా ఉంది.

ఫ్యాక్టరీ గేటు. రాడ్ వాడు నవ్వుతూ తలుపు తీస్తున్నాడు.

"పోర్టుకి ఫోన్ చేశావా?"

"చేశాను సార్. మీకంటే ముందే. కంటైనర్లు ఆపేశారు. మనవాళ్లు ఇక్కడికే వస్తున్నారు."

బ్రేక్!

"మరి... నాకెందుకు చేశావ్?"

"తాళం చెవి ఎవరో కొట్టేశారని చెప్తారేమోనని సార్. ఆ ఒక్క మాట అని ఉంటే నమ్మేసేదాన్ని..."

వెనక అద్దంలో దుమ్ము. రెండు జీపులు! రాడ్ వాడు గేటు వదిలేసి పరుగో పరుగు.

పెద్దసారు ఇంజన్ ఆపేశారు. ఆయన చేతులు స్టీరింగ్ మీదే ఉండిపోయాయి.

ఆమె చెయ్యి చాపింది. రజను గుచ్చుకుని అరచెయ్యంతా నెత్తురు.

"తాళం చెవి ఇవ్వండి సార్. ఆ తుక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందో రిపోర్టులో రాయాలి."