ఆగని నగారాల కోట

దీపారాధన చేసే ప్రతిసారీ ఒక సందేహం నన్ను ఏళ్ల తరబడి వేధిస్తోంది. రోగం వచ్చిన మనిషిని పాపి అనే హక్కు మనకు ఏ దేవుడిచ్చాడు?

పిల్లలూ, మణిగిరి రాజ్యంలో నీలివిషమనే రోగం ఉండేది. అది నెత్తురులో చేరి ప్రాణం తీసేది. రాజవైద్యుడు కనిపెట్టిన మూలికను రోజూ తింటే విషం అణగి ఉండేది. ఆ రోగం వచ్చిన నేతగత్తె నారసమ్మ మూడేళ్లుగా ఒక్క పూటా మూలిక మానలేదు. అయినా మగ్గం మీద అంచు నేయడం మరిచిపోసాగింది. ఒకనాడు కన్నకూతురు ఓబుళమ్మనే "ఎవరమ్మా నువ్వు?" అంది.

"చేసిన పాపం తలకెక్కినాది," అంది పొరుగింటి లింగమ్మ.

ఓబుళమ్మకు ఒళ్లు మండింది. "మా యమ్మ మతి పోతాంటే నీకు పాపాల లెక్క కావల్సొచ్చెనా, పెద్దమ్మా?" అని, ముళ్లడవి చీల్చుకుని, మొసళ్ల మడుగు ఈది, వైద్యులకు అందని రోగాలకు దారి చూపే యక్షిణి గుహ చేరింది.

"మీ యమ్మ బాగుపడాలంటే ఆమె నెత్తురులోకే పోవాల. భయం లేదా పిల్లా?" అంది యక్షిణి.

"ఉంది. అయినా పోతా."

యక్షిణి ఆమెను నువ్వుగింజంత చేసి, గాలిలో ఇంటికి చేర్చి, తల్లి వేలి గాటులోంచి లోపలికి పంపింది.

లోపల ఎర్రటి ఏటి ఒడ్డున ఒక కోట. చెరలో నీలిరాక్షసుడు సంకెళ్లతో నిద్రపోతున్నాడు. భటులు మాత్రం నగారాలు మోగిస్తూ కాగడాలు ఊపుతున్నారు. ఆ పొగ పైనున్న జ్ఞాపకాల మేడను కమ్మేసింది.

"ఎవరి మీదికయ్యా ఈ కాగడాలు?" అని అరిచింది ఓబుళమ్మ.

"పక్క బురుజు నగారా వినపడితే మాదీ కొట్టాల. అది మా కట్టుబాటు," అన్నాడు భటుల నాయకుడైన దళవాయి.

"మొదట కొట్టిందెవరు?"

దళవాయి పక్కవాణ్ణి చూశాడు. వాడు ఆ పక్కవాణ్ణి చూశాడు. ఆ చూపు కోటంతా తిరిగి దళవాయి దగ్గరికే వచ్చింది.

"ఆ రాక్షసుడు సంకెళ్లలో పడి మూడేండ్లాయె! మీరు కాలుస్తాండేది మా యమ్మను!"

దళవాయి తల దించుకున్నాడు. "కొట్టమన్నోళ్లే గానీ ఆపమన్నోళ్లు లేరు తల్లీ. ఆపితే వాడు లేస్తాడేమో!"

"సంకెళ్లను మూలిక చూసుకుంటాది. కావలి మానొద్దు. ఒకడు పోయి తాళం చూసి రానీ. పదిలంగా ఉంటే నగారా దించండి."

తాళం పదిలంగానే ఉంది. ఒక్కొక్క నగారా ఆగింది. మసిబారిన గదులు కొన్ని అలాగే మిగిలినా, మేడలోకి వెలుగు వచ్చింది. ఓబుళమ్మ వేలి గాటులోంచే బయటికి వచ్చి మళ్లీ మామూలు మనిషైంది.

"ఓబుళా, ఏడికి పోయినావే?" అంటూ మూలిక నములుతున్న నారసమ్మ కూతుర్ని హత్తుకుంది. తర్వాత గిన్నె పట్టుకుని పొరుగింటికి నడిచింది.

"ఐదేండ్ల కింద తోడుకని నీ దగ్గర గరిటెడు పెరుగు తీసుకుంటి, అక్కా. ఇంద."

రోగం వచ్చినప్పటి నుంచి ఆ ఇంటి నీళ్లు కూడా ముట్టని లింగమ్మ, రెండు చేతులా గిన్నె అందుకుంది.