ముద్ర పడని వేలు

బొమ్మ పోయింది.

ఆర్మూర్ పసుపు యార్డు వెనక ఫంక్షన్ హాలు. ఉదయం 9:10. ఎస్సై కుబ్రా లోపలికి వచ్చేసరికి గోడ మీద పదకొండు బొమ్మలున్నాయి. పన్నెండో మేకు ఖాళీ.

పైన బ్యానర్. 'గొంతు లేనివారి గొంతు: బీడీ కార్మిక మహిళల చిత్ర ప్రదర్శన.' వాళ్లకు గొంతు లేదని ఎవరు చెప్పారో మరి! అక్షరాలకన్నా ముఖ్య అతిథి భూపతి ఫొటోయే పెద్దగా ఉంది. ఆయన బీడీ కాంట్రాక్టరు. హాలూ ఆయనదే. పదకొండింటికి రిబ్బన్ కట్ చేయాలి.

పోయిన బొమ్మ లస్మవ్వది. గోనెపట్టా మీద పసుపుతో, పొగాకు పొడితో వేసింది. బీడీలు అప్పజెప్పడానికి ఆడవాళ్లు వరసలో నిలబడి ఉంటారు. పొగాకు దాచారేమో వెతికే వంకతో ఒక మగ చెయ్యి వాళ్ల రవికల్లోకి పోతుంటుంది. వేలికి పచ్చరాయి ఉంగరం. అది ఎవరిదో ఊరందరికీ తెలుసు.

మేకుకు కాగితం గుచ్చి ఉంది. 'నేను వేసినది అబద్ధము. సిగ్గుపడి నా బొమ్మను నేనే తీసుకుపోతున్నాను. లస్మవ్వ.' కింద నీలం వేలిముద్ర. గీత గీతా లెక్కపెట్టొచ్చు.

"కేసే లేదు మేడమ్," అన్నాడు కానిస్టేబుల్ భూమేష్. "ముసల్ది భయపడ్డది. ముద్ర గూడ ఏసిచ్చింది."

మూలన మిగతా పదకొండు మంది ఆడవాళ్లతో కూర్చున్న లస్మవ్వ దిగ్గున లేచింది.

"నేనెయ్యలె బిడ్డా! నన్ను జూసి పదకొండు మంది నోరు తెరిచిన్రు. గీ కాయితం నిజమంటే రేపు వాండ్లను గూడ అబద్ధాలోళ్లంటరు. మల్ల గా చెయ్యి కిందనే నిలవడాలె."

కుబ్రా కాగితం మళ్లీ చూసింది.

"హాలు తాళాలెన్ని?"

"రెండు మేడమ్," అన్నాడు వాచ్‌మన్ రయీస్. "ఒకటి నా తాన. ఒకటి పూర్ణిమ మేడమ్ తాన."

"పొద్దుగాల ఫస్ట్ ఎవరొచ్చిన్రు?"

"ఆమెనే. ఏడింటికి. నన్ను పూలదండలకు పంపింది. ఎనిమిదింటికి వచ్చిన. బొమ్మ లేదు."

పూర్ణిమ హైదరాబాద్ ఆర్టిస్టు. ఈ ప్రదర్శన పెట్టింది ఆవిడే.

"నెల రోజులు వీళ్లతోనే ఉన్నాను మేడమ్," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఈ చేతులంటే నాకు పూజ. ఈ చేతుల గురించి నాకన్నా ఎవరికి తెలుసు?"

"భూమేష్, స్టాంప్ ప్యాడ్ తే."

లస్మవ్వ బొటనవేలు అద్ది తెల్ల కాగితం మీద నొక్కింది. నీలం మరక పడింది. అంతే. మళ్లీ నొక్కింది. మళ్లీ మరకే. ఒక్క గీత లేదు.

"మా అమ్మ బోధన్‌ల నలభై ఏండ్లు బీడీలు చుట్టింది," అంది కుబ్రా. "ఆకు రుద్ది రుద్ది వేళ్లు నున్నగైతయి. పింఛన్ మిషిన్ మీద మా అమ్మ ముద్ర ఏనాడూ పడలె. గీమెది గూడ గంతే. మరి ఈ కాయితం మీద గిన్ని గీతలెక్కడియి? మీరు నెల రోజులు ఈ చేతులకు పూజ చేసిన్రు. ఒక్కసారి పట్టుకుని చూసిన్రా?"

పూర్ణిమ కుడిచెయ్యి చున్నీలోకి పోయింది.

"ఆ వేలు ఇటివ్వండి."

గోటి అంచున నీలం ఇంకా వదలలేదు. ప్యాడ్ మీద నొక్కించి రెండు ముద్రలూ పక్కపక్కన పెట్టింది కుబ్రా. నడిమి సుడి అదే. కింద చిన్న కోత గుర్తూ అదే.

"వేలిముద్రల బ్యూరోకు పంపమంటరా?"

"వద్దు... ఆ బొమ్మ ఉంటే భూపతిగారు హాలు ఇవ్వనన్నారు," అంది పూర్ణిమ. "ఒక్క బొమ్మ కోసం మొత్తం షో ఆగిపోతే ఎలా అని..."

"బొమ్మ యాడుంది?"

"నా కారు డిక్కీలో."

కుబ్రా కారు తాళాలు తీసుకుని భూమేష్‌కు ఇచ్చింది. ఆ చెయ్యి పెట్టినవాడు సరే, వాడు పశువు. ఈవిడ వాళ్ల ఇళ్లల్లో చాయ్ తాగింది! పూర్ణిమ ఇందాక తెప్పించిన చాయ్‌ని కుబ్రా ముట్టకుండా పక్కకు జరిపింది.

10:55. భూపతి శాలువాతో దిగాడు. దండం పెట్టాడు. ఉంగరం రాయి అరచేతి వైపు తిరిగి ఉంది.

"చిన్న విషయం మేడమ్. మనం మనం మాట్లాడుకుందాం."

"గక్కడ నిలవడున్రి," అంది కుబ్రా.

బొమ్మ మళ్లీ తన మేకుకు ఎక్కింది. లస్మవ్వ భూపతి మీద కంప్లయింట్ చెప్పింది. భూమేష్ రాశాడు. చివర ఆమె వేలు పట్టుకుని నొక్కి, తలెత్తాడు.

"ముద్ర పడుతలేదు మేడమ్."

"గదే ఆమె ముద్ర. కింద నేను సంతకం పెడత."

వెనక పదకొండు మంది లేచి వరస కట్టారు. పన్నెండు నీలం మరకలూ పడేదాకా భూపతి అక్కడే నిలబడ్డాడు.