చివరి ఓడ అవతల

డాన్యూబ్ నది మీద ఓడలో సెలవులు గడపడమంటే కాళ్ళు అరగదీసుకోవడమేనని వెతూరియాకి రెండో రేవుకే తెలిసిపోయింది. ప్రతి ఊళ్ళోనూ ఒక పాత కోట, దానికి లెక్కలేనన్ని మెట్లు. భర్త ట్రాయన్ మోకాలు పట్టుకుని మెట్టుమెట్టుకీ మూలిగేవాడు. వయసు మళ్ళాక చేస్తున్న మొదటి విహారం. అతణ్ణి క్షేమంగా ఇల్లు చేర్చుకుంటే చాలనుకుంది.

బ్రయిలా రేవులో చోటు చాలదు. ఓడల్ని పక్కపక్కనే కట్టేస్తారు. ఒడ్డు నుంచి వచ్చేవాళ్ళు ఒక ఓడ హాల్లోంచి ఇంకో ఓడ హాల్లోకి దాటుకుంటూ పోవాలి. వాళ్ళది మూడోది, అన్నిటికంటే చివరిది. అవతల నది తప్ప ఏమీ లేదు.

సాయంత్రం పొగమంచు దిగింది.

"నువ్వు బూటు విప్పి రాయి దులుపుకునేలోపు నేను మంచమెక్కేస్తా," అంటూ ట్రాయన్ కుంటుకుంటూ ముందు నడిచాడు.

"ఆ కాలితోనా? ఎక్కు, చూస్తా!" అంది వెతూరియా.

ఆమె తమ ఓడలో అడుగు పెట్టేసరికి అతను కనిపించలేదు. హాల్లో గది తాళాలిచ్చే బల్ల దగ్గర కూర్చున్న ఓడ ఉద్యోగి, చిన్నపిల్ల ఫ్లోరికా తలెత్తకుండానే చెప్పింది.

"బాబాయిగారు అటు వెళ్ళారు పిన్నీ."

అటు... నది వైపు తలుపు. ఎప్పుడూ తాళం వేసి ఉండేది. ఇప్పుడు బార్లా తెరిచి ఉంది.

అవతల ఇంకో హాలు. మసక దీపాలు. తడి బురద వాసన, ఆరిపోయిన కొవ్వొత్తుల వాసన. కుర్చీల నిండా జనం, ఒళ్ళో సంచులతో, వట్టి కాళ్ళతో. ఎవరూ మాట్లాడటం లేదు. వాళ్ళ మధ్య ట్రాయన్. పక్కన ఒక కుర్చీ ఖాళీ.

"కూర్చో," గుసగుసగా అన్నాడు. "ఇక్కడ కాళ్ళు లాగవు."

ఆమెకి నిజంగానే కూర్చోవాలనిపించింది. అంత అలసట. కుర్చీ మీద చెయ్యి కూడా వేసింది... తడి. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"లే! పులుసు చల్లారిపోతోంది," అని అతని చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చింది. వెనక తలుపు దానంతటదే మూసుకుంది. అద్దంలోంచి చూస్తే... నీళ్ళే.

గదికి మెట్లెక్కాలి. ఆమె భుజం ఇవ్వబోయింది. అతను పట్టుకోలేదు. కుంటకుండా, మూలగకుండా చకచకా ఎక్కేశాడు. అది చూసి మురిసిపోయింది పిచ్చిది.

దీపం ఆర్పబోతుంటే కింద, నది వైపు తలుపు ఎవరో తట్టారు. మెల్లగా... మళ్ళీ...

"వెతూరియా... నన్నొదిలేసి పోయావేం? మోకాలు లాగేస్తోందే... తలుపు తియ్యి..."

ఆమె పక్కకి తిరిగి చూసింది. మంచం మీదున్నవాడు కళ్ళు మూసుకునే ఉన్నాడు. అతని పాదాల కింద దుప్పటి తడుస్తోంది. ఇంకా తడుస్తూనే ఉంది.

"తియ్యకు," అన్నాడు. "అలసిపోయావు. పడుకో."

ఆమె నిజంగానే చాలా అలసిపోయి ఉంది.