మైనస్ 196లో డాక్టర్ స్లోకమ్

డాక్టర్ కెంట్ స్లోకమ్ చనిపోయి యాభై గంటలైంది. ఆయన చనిపోయాడని ఒప్పుకునే ఆఫీసు మాత్రం ఇంతవరకూ ఒక్కటీ దొరకలేదు.

ఆరిజోనా ఎడారి మీద మధ్యాహ్నం రెండు గంటల ఎండ. హైవే పక్కన ఆపిన కారులో ఏజెంట్ ఏమోస్ ఆర్విజు కాలర్ లాక్కుంటూ కూర్చున్నాడు.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పండి మేడమ్. ఇందాక కోపంలో సగం వినలేదు."

పక్క సీట్లో ఉన్న అతని బాస్ మిసెస్ పెండర్‌గ్రాస్ట్ జీవాయుధాల నిఘా విభాగానికి అధిపతి. ఫైలు తెరవకుండానే చెప్పింది.

"స్లోకమ్ మన ల్యాబ్‌లో వైరస్‌ల నిపుణుడు. ఎల్-40 అనే జ్వరం మీద పనిచేసేవాడు. ఆ ల్యాబ్ నుంచి ఒక్క చుక్క బయటికి తేవడం ఎవరి తరమూ కాదు. అందుకే విదేశీ ముఠా ఒకటి చుక్కను వదిలేసి మనిషిని పట్టింది. వైరస్ ఆయన ఒంట్లోనే బయటికొచ్చేలా గ్లవ్‌కి సూదిమొనంత చిల్లి పెట్టారు. ఆరు రోజుల్లో పోయాడు."

"మనవాళ్ళు కళ్ళు తెరిచేలోపు, పోయినవాళ్ళని గడ్డకట్టించి దాచే ఆ లాంగ్ మార్నింగ్ కంపెనీ ఐస్‌లో పెట్టి పట్టుకుపోయింది," అన్నాడు ఏమోస్.

"ఎప్పటికైనా వైద్యం దొరికితే తనను మళ్ళీ లేపమని పదేళ్ళ కిందటే సంతకం పెట్టాడు. మైనస్ నూట తొంభై ఆరు డిగ్రీల్లోంచి మనిషి లేస్తాడో లేదో నాకు తెలీదు. వైరస్ మాత్రం చక్కగా లేస్తుంది."

"ఇలాంటి రోగంతో పోయినవాణ్ణి దాచకూడదని రూలే లేదా?"

"మన లాయర్లకు దొరకలేదు. శవమైతే కాల్చెయ్యొచ్చు. కాగితాల్లో ఆయన శవం కాదు, సైన్సుకిచ్చిన దానం. రోగి అనుకుంటే బంధించొచ్చు, కానీ రోగి బతికుండాలి. జడ్జిగారు ఆలోచిస్తున్నారు. ఈలోగా ఆపగలిగేది ఒక్కరే, ఆయన కూతురు ప్రూ. మూడు రోజుల్లోగా కుటుంబం ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు."

"అయితే ఆ అమ్మాయికి చెప్పేద్దాం."

"ఎల్-40 అన్న పేరే రహస్యం. చెప్పావో, నిన్ను లోపలేయాల్సింది నేనే."

ఏమోస్ కారు దిగి తలుపు గట్టిగా వేశాడు. అది కూడా సరిగ్గా పడలేదు.

మూడు గంటలకు అతను ద్రవ నైట్రోజన్ తెచ్చే డ్రైవర్ వేషంలో కంపెనీ గేటు దగ్గర ట్యాంకర్ ఆపాడు. ఛాతీ మీద 'వాల్ట్' అని పేరు. చొక్కా బొత్తాంలో మైకు, చెవిలో ఇయర్‌ఫోన్. కాలరుకి, ఆక్సిజన్ తగ్గితే మోగే అలారం. లోపల ఆకుపచ్చ పట్టు గౌనులో ఇలోనా వారెక్ ఎదురొచ్చింది. ఈ కంపెనీలో సభ్యుల్ని చేర్పించే ఉద్యోగం ఆమెది. ఆ విదేశీ ముఠాలో ఉంటూనే వాళ్ళ కబుర్లు ఏమోస్ విభాగానికి చేరవేస్తోంది.

"ఇవాళ ఎండ తక్కువే," అన్నాడు ఏమోస్.

"నాకు చలేస్తోంది," అంది. కోడ్ సరిపోయింది. గొంతు తగ్గించింది. "ఐదింటికి లారీ. స్లోకమ్ ట్యాంకుని విదేశంలో ఉన్న శాఖకి తరలిస్తున్నారు. తొందరపడకు, బోలెడు టైముంది."

హాల్లో నిలువెత్తు స్టీలు ట్యాంకులు వరసగా ఉన్నాయి. వాటి మధ్య చెవిలో బాస్ గొంతు బదులు ఏదో రేడియో పాట వచ్చింది. చివరి ట్యాంకు చక్రాల బండి మీద ఉంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒక అమ్మాయి బేస్‌బాల్ స్కోర్లు పైకి చదువుతోంది.

"వినపడదని నాకూ తెలుసు. నవ్వకు."

"నవ్వలేదమ్మా. మీ నాన్నగారా? ఇలా ఉంచడం... వద్దని ఎప్పుడూ అనిపించలేదా?"

ప్రూ పేపరు దించింది. "నువ్వెవరయ్యా చెప్పడానికి? ఈ వరసలో కోటీశ్వరుడున్నాడు, జైల్లో పోయినవాడున్నాడు, ఎవరిదో కుక్క కూడా ఉంది. వాళ్ళకున్న ఆశ మా నాన్నకి ఉండకూడదా?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగాడు. బయటికెళ్ళి ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"జడ్జిగారు సోమవారానికి వాయిదా వేశారండీ," అంది అవతల గుమాస్తా.

"సోమవారానికి అది ఏ దేశంలో ఉంటుందో తెలుసా?"

"ఆ వివరం పిటిషన్‌లో లేదండీ."

ట్యాంకర్ టైరుని ఒక్క తన్ను తన్ని లోపలికొచ్చాడు. బండి లేదు. ప్రూ ఒక్కతే పేపరు మడత పెడుతోంది.

"ట్యాంకేదమ్మా?"

"లారీ ఎక్కించేశారు. మూడున్నరకే కదా ప్రయాణం! ఇలోనా పొద్దున్నే తరలింపు కాగితం మీద నా చేత సంతకం పెట్టించింది."

ఇలోనా చెప్పిన ఐదు గంటలు అబద్ధమని ఏమోస్‌కి అర్థమైంది. జైలైతే జైలు. "మీ నాన్నది మామూలు జ్వరం కాదు, తల్లీ. ఆయన ఒంట్లో ఉన్నది బయటపడితే ఊళ్ళకి ఊళ్ళే పోతాయి. వాళ్ళు తీసుకెళ్తున్నది మీ నాన్నని కాదు, దాన్ని."

ప్రూ అతని మొహంలోకి చూసింది. "నా పుట్టినరోజు కేకు మీద దగ్గానని, కేకంతా చెత్తబుట్టలో పడేసిన మనిషి ఆయన. తన ఒంటిని ఇలా వాడుకుంటారని తెలిస్తే ఆ ట్యాంకులోకి అడుగుపెట్టేవాడా? ఎక్కడ సంతకం పెట్టాలి?"

ఏమోస్ అప్పటికే పరుగెడుతున్నాడు.

లారీ గేటు వైపు దూసుకొస్తోంది. డ్రైవర్ పక్కన ఇలోనా, చేతిలో పిస్టల్. ఏమోస్ ట్యాంకర్ వాల్వు పూర్తిగా తిప్పి గొట్టం గేటుకి అడ్డంగా విసిరేశాడు. తెల్లటి పొగ భుజాల ఎత్తున లేచింది.

"తప్పుకో ఏమోస్!" ఇలోనా అరుపు. "రెండు వైపులా పనిచేశాను. ఎవరో ఒకరు గెలవాలిగా!"

గుండు అతని టోపీని ఎగరగొట్టింది. కాలరు మీద అలారం కీచుమంది. అతను ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. నైట్రోజన్‌లో మనిషికే కాదు, ఇంజనుకీ ఊపిరాడదు. లారీ రెండుసార్లు దగ్గి, అతని మోకాళ్ళకు జానెడు దూరంలో ఆగిపోయింది.

సొమ్మసిల్లిన ఇలోనానీ డ్రైవర్నీ అతనే పొగలోంచి బయటికి లాగాడు. ప్రూ లారీ బానెట్ మీద ఒప్పందం రద్దు కాగితం పెట్టి సంతకం చేసింది. అక్షరాలు వంకర పోయాయి.

మర్నాడు స్లోకమ్‌ను మూత తీయకుండానే కొలిమిలో దహనం చేశారు.

"ఆయనకున్నది ఆ ఒక్క ఆశే. దాన్నీ నేనే తీసేశాను," అంది ప్రూ. ఏమోస్ కొలిమి చల్లారేదాకా పక్కనే నిలబడ్డాడు.

సాయంత్రం బాస్ ఫోన్ చేసింది. "శభాష్. రహస్యం బయటపెట్టిన సంగతి నేను వినలేదు. కానీ లీగల్ వాళ్ళు నీ మీద కేసు రాస్తున్నారు."

"ఏమని?"

"అదే తేలట్లేదయ్యా. నువ్వు ఆపింది శవాన్నా, పేషెంటునా, పార్సిల్‌నా అన్నది తేలేదాకా నిన్ను ఇంటిపట్టునే ఉండమన్నారు. కాబట్టి రిటైరయ్యేదాకా హాయిగా పడుకో."