ఒకే చేతి మీద నడిచిన కారు

నలభై ఒక్కేళ్ల దుమ్ము ఎగిరొచ్చి రోవెనా పికప్ అద్దం మీద పడుతోంది.

వైపర్ వేసింది.

దుమ్ము పోలేదు... మంచు చెమ్మతో కలిసి బురదైంది.

ముందు వంద గజాల్లో ట్రెయిలర్. దాని మీద ఆకుపచ్చ పాంటియాక్ కారు. అరవైతొమ్మిది మోడల్. టైర్లలో గాలి లేదు, కిటికీల్లో ఎలుకలు కొరికిన గుడ్డ పీలికలు. కారుని వెనక్కి తిప్పి ఎక్కించడంతో ఇంజిన్ బరువంతా వెనక పడింది. కంకర రోడ్డు మీద ట్రెయిలర్ పాములా మెలికలు తిరుగుతోంది.

కారు మూతి సరిగ్గా ఆమె వైపే ఉంది.

ఆ మూతిని చూస్తుంటే ఒళ్లు మండిపోతోంది!

యాక్సిలరేటర్ ఇంకా తొక్కింది. డెబ్బై... డెబ్బై అయిదు... ముందు బండిలో ఉన్న హార్లన్ స్టాడర్డ్ కూడా తగ్గడం లేదు. డెబ్బై నాలుగేళ్ల ముసలాడు. ప్రాణం మీదికొస్తే వయసు గుర్తుండదు కాబోలు.

పక్క సీట్లో ఫోన్ స్పీకర్లో మోగుతోంది.

"చెప్పు రోవీ," లైల్ గొంతు, గుసగుసగా. ఆమె మొగుడు. తెల్లారకముందే జింకల వేటకెళ్లాడు. మంచె మీద కూర్చున్నవాడు గట్టిగా మాట్లాడడు.

"దొరికింది."

"ఏంటి?"

"స్టాష్‌ని చంపిన కారు."

అవతల మంచె కర్ర కిర్రుమంది.

"వింటున్నావా? హార్లన్ స్టాడర్డ్‌ట వాడి పేరు. కారుని తుక్కు యార్డుకి తోలుకుపోతున్నాడు. క్రషర్లో పడి నలిగిందంటే ఇక సాక్ష్యం లేదు, మట్టీ లేదు. నువ్వు పక్క అడవిలోనే ఉన్నావుగా. యార్డు గేటు దగ్గరికి రా. రైఫిల్ తెచ్చుకో."

"వదిలెయ్ రోవీ. పోలీసులు చూసుకుంటారు."

"నలభై నిమిషాలు పడుతుందిట. ఇవాళ వేట మొదలు కదా. ఎవడో తన కాలు తనే కాల్చుకున్నాట్ట, ఉన్న ఇద్దరూ అక్కడికి పోయారు."

"నా మాట విను..."

"పెళ్లయిన దగ్గర్నుంచీ వింటూనే ఉన్నాను. ఇవాళ నువ్వు విను."

ఫోన్ కట్ చేసింది.

స్టాష్ ఆమె తమ్ముడు. పదహారేళ్లవాడు. ఎనభై మూడు అక్టోబరులో సైకిల్ మీద ఇంటికొస్తుంటే ఏదో కారు గుద్దేసి పోయింది. పొద్దున కాలవలో దొరికాడు. సైకిల్ హ్యాండిల్‌కి అతుక్కుని ఒక రబ్బరు పెచ్చు, బొటనవేలి గోరంత. దాని మీద ఆకుపచ్చ రంగు.

ఆ రోజుల్లో ముందు బంపర్ని రబ్బరుతో చేసి, దానికి కూడా కారు రంగే వేసిన మోడళ్లు చాలా తక్కువ. మిషిగన్‌లో కార్ల ఫ్యాక్టరీ కూలీ కూతురికి అది ఒకరు చెప్పాలా? పెచ్చు చూడగానే కారేదో చెప్పింది. పోలీసులు ఆకుపచ్చ పాంటియాక్‌లు వెతికారు, విసుగొచ్చి మానేశారు, పెచ్చు ఆమెకే ఇచ్చేశారు. ఆమె మానలేదు. ప్రతి పొద్దునా పాత కార్ల ప్రకటనలు ఒక్కటీ వదలకుండా చదివేది. లైల్ కాఫీ కప్పు పక్కన పెట్టి "ఎన్నాళ్లని? వదిలెయ్" అనేవాడు. మంచి మనిషి. స్టాష్ శవపేటిక మోసినవాడు. ఆ దుఃఖంలోనే ఆమెకి దగ్గరయ్యాడు.

నిన్న పడింది ప్రకటన. "కదలదు. ఇంజిన్ బిగుసుకుపోయింది. ఎనభై మూడు నుంచి కొట్టంలోనే ఉంది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఓపికున్నవాళ్లు బాగుచేసుకోండి."

ఎనభై మూడు!

పొద్దున ఎనిమిదింటికల్లా అతని కొట్టం ముందు ఉంది. కొనేవాళ్లు వెలుతురులో మూతి చూసుకోడానికి హార్లన్ కారుని ముందే ట్రెయిలర్ ఎక్కించి ఉంచాడు.

"కడగలేదేం?" అని అడిగింది.

"కడిగితే రేటు పడిపోతుంది మేడమ్. ఇప్పుడు జనం కొనేది ఈ దుమ్మునే."

"మూతి దగ్గర పెచ్చు ఊడింది. అదైనా వేయించాల్సింది."

"అమ్మో, ముట్టుకుంటానా? ఫ్యాక్టరీ రంగు జన్మకి ఒక్కసారే. పైన ఇంకో చుక్క పడిందా, అది వట్టి పాత కారు."

"ఇంకెవరైనా నడిపారా దీన్ని?"

"నా పెళ్లానికే తాళం ఇవ్వలేదు నేను." ఛాతీ మీద చరుచుకున్నాడు. "ఒకే చేతి మీద నడిచిన కారు. షోరూం నుంచి తెచ్చిన రోజు మొదలు, ఈ రెండు చేతులే."

"రాసివ్వండి. రేపు నేను అమ్ముకునేటప్పుడు పనికొస్తుంది."

అడిగిందే తడవు రాసిచ్చాడు. సంతకం, తేదీ... అన్నీ.

అప్పుడు జేబులోంచి పెచ్చు తీసింది రోవెనా. మూతి మీద ఊడినచోట పెట్టింది.

వెంట్రుకంత సందు లేకుండా కూర్చుంది!

కోపంలో చేసిన తెలివితక్కువ పని. ఏమీ మాట్లాడకుండా వచ్చేయాల్సింది. కానీ అన్నేళ్ల కడుపుమంట ఆగుతుందా?

"వాడి పేరు స్టాష్," అంది.

హార్లన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆ కాగితం... ఆ కాగితం ఇలా ఇచ్చెయ్."

ఆమె కాగితాన్ని కోటు లోపలికి తోసింది. అతను ఆమెను కిందికి తోశాడు. లేచేసరికి ట్రెయిలర్ రోడ్డెక్కింది.

ఇదిగో... ఇప్పుడు ఇలా, ట్రెయిలర్ తోక పట్టుకుని.

ఫట్!

కారుని కట్టిన పట్టీల్లో ఒకటి తెగింది. కొస వచ్చి ఆమె అద్దాన్ని కొట్టింది. అద్దం మీద పగుళ్లు పడ్డాయి. పాంటియాక్ ఒక పక్కకి ఒరిగింది. ట్రెయిలర్ ఎడమకి... కుడికి... మళ్లీ ఎడమకి!

"పడిపోకే," కారుతోనే అంది రోవెనా, పళ్లు బిగించి. "కోర్టు దాకా నడిపిస్తాను నిన్ను."

మలుపు. మలుపు దాటితే యార్డ్.

బ్రేకుల అరుపు! కంకర లేచింది!

హార్లన్ బండి గేటుకి అడుగు దూరంలో ఆగింది. గేటుకి తాళం. తాళం కింద అట్టముక్క... "వేటకెళ్లాం. సోమవారం రండి."

ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాడు, నవంబరు పదిహేనున, వేట మొదలయ్యే రోజున, తుక్కు యార్డ్ తెరిచి ఉంటుందనుకున్నాడు! ఈ రోజు బడికే సెలవిస్తారు. కంగారులో సొంత ఊరి సంగతే మర్చిపోయాడు.

ఆమె పికప్‌ని అడ్డంగా పెట్టి దిగింది. హార్లన్ కూడా దిగాడు. చేతిలో ఇనప రాడ్.

"కాగితం ఇచ్చెయ్, వెళ్లిపోతాను. నీకు దణ్ణం పెడతాను."

"నువ్వెక్కడికీ వెళ్లవు."

పక్కన ఎండుకొమ్మ విరిగింది. చెట్ల మధ్య నుంచి వేటగాళ్లు వేసుకునే నారింజ రంగు కోటు బయటికొచ్చింది. లైల్. రొప్పుతున్నాడు. భుజాన రైఫిల్.

ఆమెకి ఊపిరొచ్చింది.

"ఇలా ఇవ్వు," అంది చెయ్యి చాచి.

ఇచ్చేశాడు. వెంటనే. ఆ రైఫిల్‌ని సొంత కొడుకుని కూడా ముట్టనివ్వని మనిషి.

ఆమె గొట్టాన్ని హార్లన్ గుండెకి గురిపెట్టింది. రాడ్ కింద పడింది. చేతులు పైకి లేచాయి.

"అమ్మా... ఆ రాసింది అబద్ధం."

"ఇప్పుడు అబద్ధమైందా?"

"అమ్మేవాడెవడైనా అదే చెప్తాడు. రెండో చెయ్యి పడిందంటే ఎవరు కొంటారు? రేటు కోసం రాశాను. ఆ శనివారం కారు నా దగ్గర లేదు. అరువిచ్చాను. నాతో పనిచేసే కుర్రాడు, పెళ్లికి వెళ్లాలి, ఒక్క రాత్రికి ఇవ్వమన్నాడు. మూతి పగలగొట్టి తెచ్చాడు. జింక తగిలిందన్నాడు. రెండు రోజులకి పేపర్లో చూశాను. నోరు మూసుకుని కొట్టంలో పెట్టేశాను. అది నా తప్పే. కానీ గుద్దింది నేను కాదు."

"ఎవరికిచ్చావు?"

హార్లన్ ఆమెని చూడటం లేదు. ఆమె భుజం మీదుగా చూస్తున్నాడు.

"కాల్చు రోవీ," అన్నాడు లైల్ వెనక నుంచి.

ఆమె వేలు ట్రిగ్గర్ మీద ఉంది.

"వాడి కట్టుకథలు వినకు. కాల్చెయ్. మీద పడబోయాడని నేను సాక్ష్యం చెప్తాను. వాడి సంతకం నీ దగ్గర ఉండనే ఉంది. ఇవాళ్టితో అయిపోతుంది."

వదిలెయ్, వదిలెయ్ అని ముప్పై తొమ్మిదేళ్లు నస పెట్టిన నోరు... ఇవాళ చంపమంటోంది!

"నువ్వే చెప్పు లైల్," అన్నాడు హార్లన్. "నేను చెబితే ఈవిడ నమ్మదు."

లైల్.

ఇక్కడ ఆ పేరు ఎవరూ పలకలేదు. కొట్టంలో పలకలేదు. ఈ గేటు దగ్గర పలకలేదు.

రోవెనా కాళ్ల కింద కంకర కదిలింది. వెనక్కి తిరిగింది. గొట్టం కూడా ఆమెతోపాటు తిరిగింది.

"రోవీ... అది దించు."

"ఏ పెళ్లి?"

"ఏంటి?"

"ఎవరి పెళ్లికి వెళ్లావు ఆ కారులో?"

లైల్ చూపు పాంటియాక్ మీదికి పోయింది. ఆ మొహం ఆమెకి కంఠతా వచ్చు. అందులో ఇన్నేళ్లూ ఆమె జాలి అనుకున్నది జాలి కాదు.

"తాగి ఉన్నాను," అన్నాడు చివరికి. "ఇరవై రెండేళ్లు నాకు. దిగి చూశాను. నిజంగా దిగాను రోవీ, ఒట్టు. వాడు కాలవలో ఉన్నాడు. భయమేసింది."

"బతికున్నాడా?"

లైల్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

"బతికున్నాడా లైల్?"

"పిలిచాడు." ఏడుస్తున్నాడు. "నీ పేరే... రోవీ, రోవీ అని. అందుకే కదా నిన్ను వెతుక్కుంటూ వచ్చాను. జన్మంతా నిన్ను చూసుకున్నాను. లోటు చేశానా? ఒక్క మాట అన్నానా?"

తమ్ముడు పిలిచిన పేరుతోనే లైల్ ఇన్నేళ్లూ ఆమెని పిలిచాడు. అన్నం ముందు, మంచం మీద, స్టాష్ సమాధి దగ్గర. ఆమెకి ఏడుపెప్పుడో అయిపోయింది.

"ఎంతసేపు పిలిచాడు?"

"రోవీ, వద్దు..."

"ఎంతసేపు?"

లైల్ ఒక అడుగు ముందుకేశాడు. గొట్టం కోసం చెయ్యి చాచాడు.

రైఫిల్ పేలింది!

చెట్ల మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి.

నారింజ రంగు కోటు కంకర మీద పడి ఉంది. హార్లన్ ఇంకా చేతులెత్తుకుని నిలబడే ఉన్నాడు.